పూర్ణచంద్రరావుగారి పొడిదగ్గు

ఆ రోజు నీరజ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే రేపల్లెలో తెనాలి పాసింజరెక్కి కిటికీ పక్క సీటు పట్టుకోవాలి. భట్టిప్రోలులో దిగి, పక్షవాతంతో మాట పడిపోయిన ఒక పెద్దాయనకు బొమ్మలు చూపించి నాలుగు మాటలు పలికించాలి. తర్వాతి బండికి తెనాలి వెళ్లి క్లినిక్‌లో పని చూసుకోవాలి. సాయంత్రం తిరిగొచ్చేసరికి స్టేషన్ బయట మనోజ్ బండి మీద కూర్చుని ఉంటాడు. ఇద్దరూ వేడివేడి పునుగులు తినేసి, ఏమీ ఎరగనట్టు ఇంటికెళ్లి మళ్లీ భోజనానికి కూర్చోవాలి. మెళ్లో పసుపుతాడు రంగు ఇంకా జాకెట్టుకు అంటుతూనే ఉంది. ఈ పథకంలో ఏ ముక్క తలుచుకున్నా ఆమెకు నవ్వొచ్చేస్తోంది.

పొయ్యి మీద పాలు పొంగుతుండగా వంటింటి గుమ్మంలో ఎవరో గొంతు సవరించుకున్నారు. "ఊహుఁ."

మనోజ్. చేతిలో పేపరుంది. మొహంలో మాత్రం ఏమీ లేదు. అత్తగారు కావేరి పక్కనే పచ్చట్లోకి పోపు వేయిస్తోంది.

"ఏంటండీ, నిన్నట్నుంచీ ఆ గొంతు?" అంది నీరజ.

"ఏం లేదు."

"ఏం లేకపోవడమేంటి? నిన్న మావయ్యగారి దగ్గర కూర్చున్నప్పుడూ అంతే. మొన్న మేడ మెట్ల కాడా అంతే. కఫం పట్టింది మీకు."

"పట్టలేదు."

"నేను చదివిందే గొంతుల గురించండీ."

కావేరి తల మూకుడు మీదికి వంచేసింది. ఆవిడ భుజాలు మాత్రం కదులుతున్నాయి. నీరజ మిరియాలు దంచి, తులసాకులు వేసి, గ్లాసుడు కషాయం కాచి మొగుడి చేతిలో పెట్టింది. మనోజ్ తల్లి వంక చూశాడు, భార్య వంక చూశాడు, కళ్లు మూసుకుని తాగేశాడు. చెప్పాలనుకున్న మాటేదో కషాయంతో పాటు లోపలికే పోయింది.

నీరజ చదివింది మాట, వినికిడి లోపాలకు చేసే చికిత్స. పుట్టిల్లు బాపట్ల, అత్తిల్లు రేపల్లె, ఉద్యోగం తెనాలి. క్లినిక్‌లో రోగులకు చూపించే బొమ్మల పెట్టె ఏ దేశంనుంచి వచ్చిందో గానీ, అందులో మంచుతో చేసిన మనిషి, రొట్టె కాల్చే యంత్రం, ఉన్ని టోపీ పెట్టుకున్న కుక్క ఉండేవి. ఆ కుక్క పేరు చెప్పలేకపోయారని అమర్తలూరు రైతులకు మార్కులు తగ్గించడం నీరజకు నచ్చలేదు. విజయవాడలో జరిగిన ఒక శిక్షణలో ఎవరో చెప్పారు కూడా: రోగి ఊరు చూడాలి, ఇల్లు చూడాలి, అలవాట్లు చూడాలి, వైద్యం దానికి తగ్గట్టు ఉండాలి అని. నీరజకు ఆ మాట మంత్రంలా తోచింది. పెళ్లి సెలవుల్లోనే కూర్చుని సొంతంగా బొమ్మలు వేసింది. గోంగూర కట్ట, తాటిముంజెలు, కొడవలి, పంపుషెడ్డు, మినప చేలో దిగిన కొంగ. రంగులు వేసేటప్పుడు మనోజ్ పక్కన కూర్చుని కుంచెలు కడిగాడు. కొంగ కాళ్లు అతనే వేశాడు. అవి కొంచెం వంకరగా వచ్చాయి.

ఆ బొమ్మలు సంచీలో పెట్టుకుని ఆమె భట్టిప్రోలులో దిగింది.

పూర్ణచంద్రరావుగారు ముందుగదిలో పడకకుర్చీలో ఉన్నారు. వరి కోతలప్పుడు కూలీల మధ్య నిలబడి ఉండగానే కుడిపక్క పడిపోయింది. ఇప్పుడు చెయ్యి కాస్త లేస్తోంది గానీ మాట లేవడం లేదు. ఆయన పక్కన, ఆయన నోరు కూడా తానే అయినట్టు, అన్నగారు నరసింహారావు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పక్కింట్లోనే ఉంటారు. ఇంటికి పెద్ద. తమ్ముడికి మాట పోయిన దగ్గర్నుంచీ ఆయన మాట రెట్టింపైందని ఊరంతా అంటుంది.

తమ్ముడి భార్య సుబ్బాయమ్మ నడవ గుమ్మం అవతల తలుపు చాటున ఉంది. బావగారు కూర్చున్న గదిలో నిలబడే అలవాటు ఆవిడకు లేదు. ఏదైనా తేవాలంటే గడప మీద పెట్టి వెనక్కి వెళ్లిపోతుంది.

నీరజ తనే ఆవిడ దగ్గరికెళ్లి పలకరించింది. "మామ్మగారూ, తాతగారికి ఏ మాటలు ముందు రావాలనుంది మీకు?"

సుబ్బాయమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "మాటలంటావా తల్లీ, ఆయనకి మొదట్నుంచీ తక్కువే. పోయినవి రాకపోయినా పర్లేదమ్మా. ఉన్నది పోకుండా చూడు, చాలు."

ఎంత మంచి మనిషి, ఎంత చిన్న కోరిక అనుకుంది నీరజ. కళ్లు చెమర్చాయి కూడా. అంతకు మించి ఆలోచించలేదు.

బొమ్మలు బయటికి తీసింది. "తాతగారూ, ఇదేంటండీ?"

"కొడవలి!" అన్నారు నరసింహారావు.

"మీరు కాదండీ, తాతగారిని చెప్పనివ్వండి. ఇది?"

"పంపుషెడ్డు! అమ్మాయీ, మోటారు రూము తలుపు ఇటు కాదు, అటుండాలి. ఇది గోంగూర. ఇదేదో... కుంటి బాతు."

"కొంగండీ."

"ఆ కాళ్లతోనా?"

పూర్ణచంద్రరావుగారు కొంగ వంక చాలాసేపు చూశారు. పెదవి కదిలింది, మాట రాలేదు. ఆ కళ్లలో సిగ్గు చూసి నీరజ బొమ్మలు పక్కన పెట్టేసింది. "పోన్లెండి, కాఫీ తాగుదురు గాని" అంది.

సుబ్బాయమ్మ గడప మీద స్టీలు గ్లాసు పెట్టి చాటుకు తప్పుకుంది. గ్లాసు మీద ఆవిడ పేరు చెక్కి ఉంది. ఆ ఇంట్లో ఆవిడ పేరు కనిపించేది ఆ గ్లాసు మీదే. నీరజ గ్లాసందించింది. ఆయన ఒక గుక్క తాగారు. తాగి, "ఊహుఁ" అని గొంతు సవరించుకున్నారు. నీరజ చెవులు నిక్కపొడుచుకున్నాయి. రెండో గుక్క తాగారు. మళ్లీ "ఊహుఁ." ఈసారి కాస్త గట్టిగా.

తలుపు అవతల గాజులు గలగలమన్నాయి. నీరజ అది విననేలేదు. ఆమె చూపంతా ఆయన గొంతు మీదే ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లు తాగింది సరిగా మింగలేకపోతే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, తాగిన వెంటనే ఇలాంటి దగ్గే వస్తుంది అని ఆమె చదువుకుంది. పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకుంది.

వాకిట్లోకి వెళ్లి తెనాలికి ఫోన్ చేసింది. క్లినిక్ పెద్ద పవన్ కుమార్ అంతా విని, "మంచి పని చేశావమ్మా. ఎందుకైనా మంచిది, పల్చటివి ఆపించు. అన్నీ చిక్కగా ఇవ్వమను" అన్నాడు.

చిక్కగా ఇవ్వాలని నీరజ చెప్పింది ఒకసారే. నరసింహారావు దాన్ని శాసనం చేసేశారు. "స్పూను నిలబడాలి!" అన్నారు. మర్నాటినుంచి మజ్జిగ పెరుగైంది, చారు ముద్దైంది. కాఫీలో మొక్కజొన్న పిండి కలిపి గరిటెతో తిప్పించారు. పక్కింటి మాణిక్యమ్మ చూసి, హల్వా అనుకుని జీడిపప్పు వెయ్యమంది. పూర్ణచంద్రరావుగారు ఆ కాఫీ చెంచా నోట్లో పెట్టుకుని, దాని వంకా గుమ్మం వంకా చూసి, "ఊహుఁ" అన్నారు. ఎవరూ రాలేదు. "ఊహుఁ, ఊహుఁ."

"దగ్గు ముదిరిందమ్మాయీ!" అని నరసింహారావు ఫోను.

నీరజ మళ్లీ వెళ్లింది. ఈసారి చాలా జాగ్రత్తగా గమనించింది. గమనించడంలో ఆమెకు వంక పెట్టడానికి లేదు. సుబ్బాయమ్మ గుమ్మం దగ్గర మసలినప్పుడల్లా దగ్గు ఎక్కువవుతోంది. ఆవిడ పెరట్లోకి వెళ్తే ఇంకా ఎక్కువవుతోంది. బావగారు అవతలికి వెళ్లినప్పుడు ఆవిడ వచ్చి కుర్చీ పక్కన నిలబడితే పూర్తిగా ఆగిపోతోంది. దీన్నిబట్టి ఎవరైనా ఒక సంగతి కనిపెట్టాలి. నీరజ ఇంకో సంగతి కనిపెట్టింది: పెద్దాయన భార్యను చూసి ఆందోళన పడుతున్నారు, ఆందోళనలో మింగడం తప్పుతోంది.

దానికి తోడు నరసింహారావు ఒక నేరం కూడా పట్టుకున్నారు. సుబ్బాయమ్మ పెరటి తలుపులోంచి వచ్చి, దొంగతనంగా మొగుడికి పల్చటి మజ్జిగ తాగిస్తోందట. "కళ్లారా చూశా! కరివేపాకు కూడా వేసింది!"

నీరజ సుబ్బాయమ్మ చేతులు పట్టుకుంది. ఎంతో మెత్తగా చెప్పింది. "మామ్మగారూ, మీ ప్రేమ నాకర్థమవుద్దండీ. కానీ అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. కొన్నాళ్లు మీరు ఆ గదిలోకి రాకుండా ఉంటే మంచిది. తినిపించే పని మీ బావగారు చూసుకుంటారు."

సుబ్బాయమ్మ ఆమె వంక బిత్తరపోయి చూసింది. "మరి... పిలిస్తే?"

"ఎవరు పిలిస్తే అండీ?"

సుబ్బాయమ్మ నోరు తెరిచింది. గుమ్మం అవతల బావగారి చెప్పుల చప్పుడైంది. మొగుడు తనను ఎలా పిలుస్తాడో పరాయి మనిషికి విప్పి చెప్పడం ఆవిడకు జన్మలో అలవాటు లేదు. అది చీర చెంగున కట్టుకున్న ముడిలాంటిది. ఎవరూ విప్పమనలేదు ఇన్నాళ్లూ.

"ఏం లేదమ్మా" అని లోపలికెళ్లిపోయింది.

ఇంటి దగ్గర నీరజ కషాయం కాయడం మానేసి చాలా రోజులైంది. ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు. ఆమె వంటింట్లో ఉంటుంది. గుమ్మంలో "ఊహుఁ" వినిపిస్తుంది. కాసేపటికి ఆమె మేడ మెట్ల మీద ఉంటుంది. మనోజ్ చేతిలో ఒక జాంకాయో, సంపెంగ పువ్వో, ఫోన్‌లో ఒక పిచ్చి బొమ్మో ఉంటుంది. కావేరి కింద గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తూ సర్దుతుంది. ఇవన్నీ జరుగుతూనే ఉన్నాయి. ఊపిరి పీల్చుకోవడం గురించి ఎవరు ఆలోచిస్తారు? ఇల్లు ఇల్లే, క్లినిక్ క్లినిక్కే.

తర్వాతి వారం నరసింహారావుగారే తెనాలి వచ్చారు. ఆయన చేతిలో బెల్లం జిలేబీ పొట్లం ఉంది. మొహం వెలిగిపోతోంది.

"దగ్గు మాయం!" అన్నారు గుమ్మంలోంచే. "ముందు రోజుకిన్ని సార్లని ఉండేది. తర్వాత పొద్దునా సాయంత్రం. ఇప్పుడు అస్సల్లేదు! చప్పుడన్నది లేదు. గోడకేసి తిరిగి పడుకుంటున్నాడు. ఇల్లంతా ప్రశాంతం. తినమ్మాయీ, తిను, నీ చేతి చలవే."

పవన్ కుమార్ జిలేబీ తుంచుతూ చాలా సంతోషించాడు. బాపట్లలో ఆ ఆదివారం ఒక సభ ఉంది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లంతా వస్తున్నారు. ఊరి అలవాట్లకు తగిన చికిత్స అన్నదే ఆ సభలో విషయం. "నీ గోంగూర బొమ్మలు, ఈ కేసు, రెండూ కలిపి నువ్వే మాట్లాడు" అన్నాడు.

నీరజ కాళ్లు నేల మీద నిలవలేదు. పుట్టింటి ఊళ్లో, అమ్మా నాన్నా ముందు వరసలో, తను మైకు ముందు! ఏ చీర కట్టుకోవాలన్నది మూడు రోజులు తెగలేదు. అందరికీ చూపించే బొమ్మలన్నీ మనోజ్ కంప్యూటర్లోనే సర్దింది. సర్దుతున్నంతసేపూ అతను పక్కన కూర్చుని, కొంగ గురించి తన పేరు చెప్పాలని పట్టుబట్టాడు.

ఆదివారం పొద్దున బాపట్లలో టిఫిన్ తింటుండగా ఫోన్ మోగింది. నరసింహారావు.

"అమ్మాయీ, దగ్గయితే పోయింది గానీ తిండి కూడా పోయింది. ఏం పెట్టినా నోరు తెరవట్లా. బాగా నీరసపడ్డాడు. డాక్టరు గారు ముక్కులోంచి గొట్టం వేద్దామన్నారు. రేపు పొద్దున్నే గుంటూరు తీసుకెళ్తున్నాం. అది పడితే ఇంక మింగే బాధే లేదు, నీ పని కూడా సులువైపోద్ది."

నీరజ చేతిలో ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఎక్కడో ఏదో తప్పింది. ఎక్కడో తెలియడం లేదు.

సభ మొదలైంది. నీరజ నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుని మాట్లాడుతోంది. ముందు వరసలో నాన్న ఇటూ అటూ చూస్తూ "మా అమ్మాయే" అంటున్నాడు. గోంగూర కట్టకు చప్పట్లు పడ్డాయి. కొంగకు నవ్వులు పడ్డాయి. ఆమె భట్టిప్రోలు కేసులోకి వచ్చింది.

"ఈ పేషెంటుకు తాగినప్పుడల్లా పొడిదగ్గు వచ్చేది. ఆహారం మార్చాం. ఆందోళన కలిగించే పరిస్థితులు ఇంట్లోంచి తొలగించాం. ఇప్పుడు దగ్గు పూర్తిగా..."

ఆమె వెనక తెర మీద బొమ్మ మారింది. చికిత్స పట్టిక రావాల్సిన చోట తలంబ్రాల ఫోటో వచ్చింది. అందులో నీరజ దోసెడు బియ్యం మనోజ్ నోట్లోకే పోస్తోంది. హాలంతా చూస్తోంది. నీరజ ఒక్కర్తే చూడలేదు. చివరి వరసలో మనోజ్‌కు చెమటలు పట్టాయి. అత్తగారూ మావగారూ, ఇంతమంది పెద్దలూ ఉన్న చోట పెళ్లాన్ని పేరు పెట్టి కేకెయ్యడం ఎలా? అలవాటైన పనే చేశాడు.

"ఊహుఁ."

"ఆఁ, వస్తున్నానండీ!" అంది నీరజ మైకులో.

అని, వేదిక మెట్టు ఒకటి దిగింది కూడా.

హాలు గొల్లుమంది. ఎవరో చప్పట్లు కొట్టారు. నాన్న తల దించుకున్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పవన్ కుమార్ కళ్లజోడు తీసి నవ్వాడు. నీరజ ఆ మెట్టు మీదే నిలబడిపోయింది. ఒక కాలు పైన ఉంది, ఒకటి కింద.

ఆమెకు నవ్వు వినిపించడం లేదు. తాను ఎందుకు కదిలిందా అని చూసుకుంటోంది. ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. రమ్మని అనలేదు. అయినా కాళ్లు కదిలాయి. పెళ్లయిన ఈ కొద్ది రోజులకే ఇలా కదిలితే, ఒక జీవితకాలం అలా కదిలిన కాళ్లు... నడవ గుమ్మం అవతల గలగలమన్న గాజులు ఆమెకు ఇప్పుడు వినిపించాయి. ఆవిడ పక్కన నిలబడగానే ఆగిపోయిన దగ్గు వినిపించింది. "మరి... పిలిస్తే?" అన్నది వినిపించింది. "ఉన్నది పోకుండా చూడు" అన్నది అన్నిటికంటే గట్టిగా వినిపించింది.

"క్షమించండి. ఆ పేషెంటుకు దగ్గు లేదు" అంది మైకులో.

"పోయిందనేగా తల్లీ మీరు చెప్తున్నది?" అన్నారు ముందు వరసలో ఒకాయన.

"ఎప్పుడూ లేదండీ" అంది నీరజ. ఆ పట్టుచీరతోనే కిందికి దిగి, నవ్వుతున్న వరసల మధ్యనుంచి కళ్లు తుడుచుకుంటూ చివరి వరస దాకా నడిచింది. "బండి తియ్యండి. భట్టిప్రోలు వెళ్లాలి."

చెరుకుపల్లి మీదుగా బయల్దేరారు. కాలవగట్టు మీద గాలికి చీర కుచ్చిళ్లు ఎగురుతుంటే, మనోజ్ ఒకసారి బండాపి అవి చక్రంలో పడకుండా సర్ది, మళ్లీ పోనిచ్చాడు. ఇంకో రోజైతే ఆ చిన్న పనికి ఆమె వారం రోజులు మురిసిపోయేది.

సాయంత్రానికి చేరారు. వాకిట్లో మర్నాడు గుంటూరు వెళ్లే కారు అప్పుడే వచ్చి ఉంది. సంచీ సర్ది అరుగు మీద పెట్టారు.

"ఆయన దగ్గు మళ్లీ తెప్పించాలండీ" అంది నీరజ.

నరసింహారావు ఆమెను ఎగాదిగా చూశారు. పట్టుచీర చూశారు. చెదిరిన జుట్టు చూశారు. "మొన్ననే గదమ్మాయీ పోగొట్టింది? జిలేబీ కూడా తింటివి!"

"తప్పు చేశానండీ. అది దగ్గు కాదు."

"మరేంటి?"

అది ఆయనకు చెప్పాల్సిన సంగతి కాదని నీరజకు తెలుసు. పెరట్లోకి వెళ్లింది.

సుబ్బాయమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆ గోడ అవతలే ఆయన మంచం. పక్కన గ్లాసు బోర్లించి ఉంది. నీరజ ఆవిడ ముందు నేల మీద కూర్చుంది. ఈ ప్రశ్న వేయడానికి తనకు గోంగూర బొమ్మ అక్కర్లేకపోయింది.

"మామ్మగారూ, తాతగారు మిమ్మల్ని ఏమని పిలుస్తారు?"

సుబ్బాయమ్మ కొంగు సర్దుకుంది. "పేరెట్టి ఎన్నడూ పిలవలేదమ్మా. మా అత్తగారున్న ఇల్లు, బావగారున్న ఇల్లు. గుమ్మంలోకొచ్చి గొంతు సవరించుకునేవారు. నేనెళ్లేదాన్ని. నీళ్లు కావాలంటే ఒక రకం, అన్నానికైతే ఒక రకం. ఊరికే రమ్మనడానికి ఒకటుండేది." ఆవిడ పెదవుల మీద ఏదో కదిలి ఆగిపోయింది. "జబ్బు చేసి అన్నీ పోయినా అదొక్కటీ మిగిలింది."

"ఆ రోజు నాకెందుకు చెప్పలేదండీ?"

"నువ్వు దాన్ని జబ్బన్నావు గదమ్మా. చదువుకున్నదానివి. జబ్బేనేమో అనుకున్నా."

నీరజ తల వంచుకుంది.

"పిలుస్తానే ఉండేవారు" అంది సుబ్బాయమ్మ గోడ వంక చూస్తూ. "నేనిక్కడ కూర్చుని వింటానే ఉండేదాన్ని. వెళ్తే ఆయనకి ప్రమాదమన్నావు. చెవులు మూసుకునేదాన్ని. తర్వాత తర్వాత తగ్గించేశారు. మొన్నట్నుంచీ మానేశారు. నేను పోయాననుకున్నారో ఏమో."

పెరట్లో ఎక్కడో చెంబు దొర్లిన చప్పుడైంది. మనోజ్ తలుపు దగ్గరిదాకా వచ్చి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

"కాఫీ పెట్టండి మామ్మగారూ" అంది నీరజ. "పల్చగా. ఎప్పుడూ పెట్టినట్టు."

నరసింహారావును గదిలోంచి లేపడం తేలిక కాలేదు. చివరికి మనోజ్ ఆయన్ను పొలం ఎరువుల గురించి ఏదో అడిగి అరుగు మీదికి తీసుకుపోయాడు. రేపల్లెలో తనకే ఎరువుల కొట్టు ఉన్న మనోజ్ ఎరువుల గురించి అడుగుతుంటే ఆయనకు అనుమానం రాలేదు, ఆనందమే కలిగింది.

సుబ్బాయమ్మ గ్లాసు గడప మీద పెట్టలేదు. చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లింది. మంచం అవతలి పక్కకు, గోడకూ ఆయన మొహానికీ మధ్యకు వెళ్లి కూర్చుంది. ఆయన కళ్లు తెరిచారు. చూశారు. నమ్మనట్టుగా ఎడమచెయ్యి చాచి ఆవిడ గాజులు తడిమారు. ఒకసారి అటూ ఇటూ కదిపి, చప్పుడు విన్నారు. తర్వాత కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. తుడుచుకోవాలని కూడా అనుకోలేదు.

నీరజ ఆయన గొంతు మీద వేళ్లానించి, లేపి కూర్చోబెట్టి, ఒక్కో చెంచా తాగించింది. గొంతు చక్కగా లేచింది, చక్కగా దిగింది. ఊపిరిలో తేడా లేదు. కాసేపయ్యాక సుబ్బాయమ్మ చెంచా తీసి పక్కన పెట్టేసి గ్లాసే అందించింది. ఆయన తాగారు. గ్లాసు ఖాళీ అయింది. ఆడవాళ్లిద్దరూ ఒక చప్పుడు కోసం ఎదురుచూస్తున్నారు. అది రాలేదు.

సుబ్బాయమ్మ లేచి గుమ్మం దాటి నిలబడి చూసింది. చాలాసేపు నిలబడింది. ఆయన గుమ్మం వంకే చూస్తున్నారు. చూస్తున్నారు గానీ పిలవడం లేదు. పిలిస్తే ఎవరూ రారని నేర్చుకున్న మనిషి అంత తొందరగా మర్చిపోడు. ఆ పాఠం చెప్పింది నీరజే. ఆమె చెప్పిన పాఠాల్లో ఆయనకు పూర్తిగా వచ్చింది అదొక్కటే.

"నన్ను క్షమించండి మామ్మగారూ" అంది నీరజ వాకిట్లో. గొట్టం వద్దని డాక్టరుతో మాట్లాడింది, కారు వెనక్కి వెళ్లిపోయింది. అయినా కాళ్లు కదలడం లేదు.

సుబ్బాయమ్మ ఆమె పట్టుచీర కొంగుకు అంటిన దుమ్ము దులిపింది. "ఏడవబాక. కొత్తగా పెళ్లయినదానివి, ఇంట్లోంచి ఏడుస్తా వెళ్లకూడదు. రాకపోతే మానె. ఇన్నేళ్లూ ఆయన పిలిస్తే నేనెళ్లా. ఇంక పిలవకపోయినా వెళ్తా." గుమ్మం వైపు చూసి, కాస్త ఆగి, "ఒక్కసారి వింటే బాగుండు గానీ" అంది.

ఆ రోజు పునుగులు తినలేదు. ఇంట్లో భోజనం కూడా సరిగా చెయ్యలేదు. మర్నాడు పొద్దున వంటింటి గుమ్మంలో మనోజ్ గొంతు సవరించుకుంటే, నీరజ పొయ్యి మీది పాలు వదిలేసి, అత్తగారి ముందే, పరుగున వెళ్లింది. కావేరి గిన్నెల చప్పుడు చెయ్యడం మర్చిపోయి చూసింది.

వారాలు గడిచాయి. పూర్ణచంద్రరావుగారు తింటున్నారు. కూర్చుంటున్నారు. కుర్చీని సుబ్బాయమ్మ నడవలోకి మార్పించింది. బావగారు అక్కడికి వచ్చినా ఆవిడ లేచి వెళ్లడం మానేసింది. ఆయనే ఇబ్బంది పడి రావడం తగ్గించారు. మాటలు మాత్రం రాలేదు. వస్తాయన్న ఆశ పెద్దగా లేదని నీరజకు తెలుసు. గోంగూర బొమ్మ చూపిస్తే ఆయన గోంగూర మడి వైపు చూస్తారు. అంతే. అది చాలనుకోవడం ఆమె నేర్చుకుంటోంది.

ఒక మధ్యాహ్నం క్లినిక్‌లో ఫోన్ మోగింది. సుబ్బాయమ్మ.

"బాగున్నావా తల్లీ? ఏం లేదు, చింతకాయ పచ్చడి పెట్టా. ఈసారొచ్చినప్పుడు మీ అత్తగారికి..."

మాట మధ్యలో, దూరంగా, నీరసంగా, బొంగురుగా ఒకటి వినిపించింది.

"ఊహుఁ."

అటువైపు పచ్చడి ఆగిపోయింది. తర్వాత ఫోన్ ఎక్కడో గట్టు మీద పెట్టిన చప్పుడు. గాజుల చప్పుడు. దూరంగా, తొందరతొందరగా వెళ్లిపోతున్న అడుగులు. ఫోన్ పెట్టెయ్యడం ఆవిడ మర్చిపోయింది. నీరజ కూడా పెట్టెయ్యలేదు. చెవికి ఆనించుకుని, ఖాళీ వంటింటిని చాలాసేపు వింటూ కూర్చుంది.

పవన్ కుమార్ లోపలికి వచ్చి, ఆమె కళ్లు చూసి కంగారుపడ్డాడు. "ఏమైందమ్మా? భట్టిప్రోలు పెద్దాయనేనా? ఎలా ఉంది?"

"దగ్గు తిరగబెట్టింది సార్" అంది నీరజ. "ఇంక తగ్గదు."